రైతు యింటి ఖర్చు తగ్గించుకొను విధము: తిండిగింజల నిల్వ

విశాఖపట్టణమునకు చుట్టుపట్లనున్న పెందుర్తి, సబ్బవరము, ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము ప్రాంతముల రైతు కుటుంబములలో సొమ్ము ఏ దారిని పోవుచున్నదని విచారించినచో పెండ్లిండ్లు, పండుగలు, దుస్తులు మొదలగువాని పేర్లు ముందుగా వినవచ్చును. అవి కంటికి కనబడు ఖర్చులు. కంటికి కనబడని దింకొకటి కలదు. మార్గశిరమాసమున కళ్లములో ధాన్యమంతయు తూచి యిచ్చివేసి, ఆషాఢ శ్రావణములలో అదే బియ్యమును, అదే మినపపప్పును అంగడినుండి తెచ్చుకొనుటయే ఆ ఖర్చు. ఈ కరపత్రము ముఖ్యముగా దానిని గూర్చియే వ్రాయబడినది.

పట్టణము దగ్గరయగుట వలన ఈ అలవాటు మన ప్రాంతమున మరింత ప్రబలినది. 1933లో రేవు ప్రారంభమైనది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడినది. 1999 నుండి రైతు బజార్లు ఏర్పడి, ఎం.వి.పి. కాలనీ, కంచరపాలెము వంటి చోట్ల రైతు తన కూరగాయలను దళారి లేకుండ తానే అమ్ముకొనుటకు వీలు కలిగినది. ఈ మేలును కాదనరాదు. అయితే చేతిలో రొక్కము ఆడుటయు, దుకాణము చేరువగుటయు ఏకకాలమున జరిగినవి. ఉదయము వంకాయల గంపలతో పోయిన ఆటో సాయంకాలము పప్పు పొట్లములతో తిరిగి వచ్చుచున్నది.

లెక్క చూడుడు. అయిదుగురు గల యింటికి నెలకు 40 కిలోల బియ్యము చొప్పున ఏడాదికి 480 కిలోలు కావలెను. నూరు కిలోల ధాన్యమునకు 65 కిలోల బియ్యము వచ్చుననుకొన్నచో, 75 కిలోల బస్తాలు 10 చాలును. 2024-25 సంవత్సరమున సాధారణ రకపు ధాన్యమునకు ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 2,300 రూపాయలు. ఆ ధరకు 10 బస్తాలను అమ్మినచో 17,250 రూపాయలు చేతికి వచ్చును. అంగడిలో బియ్యము కిలో 50 రూపాయలని పట్టుకొన్నచో, 480 కిలోలకు 24,000 రూపాయలు చెల్లింపవలెను. మర కూలికి, బండి కిరాయికి 1,500 తీసివేసినను, అమ్మి కొన్నందులకు నష్టము 5,250 రూపాయలు. తవుడును నూకయు ఇంటి పశువులకు, కోళ్లకు మిగులుట ఈ లెక్కలో చేరలేదు. పాత బియ్యము అన్నమునకు ఒదుగును గనుక అంగడిలో దానికి ధర హెచ్చు. ఇంట నిలువయుంచిన ధాన్యమో, ఊరకయే పాతదగుచున్నది.

"అమ్మక చేయునదేమి? అప్పులవాడు కళ్లములోనే కూర్చుండెను గదా!" అని రైతులు అందురు. ఇది నిజమైన ఇబ్బందియే. దీనికి ఉపాయము కళ్లములో దొరకదు, నాట్లకు ముందే వెదకవలెను. గ్రామములలో రెండు రూపాయల వడ్డీ, అనగా నూటికి నెలకు 2 రూపాయలు, మామూలు మాటయైనది. ఆ వడ్డీకి తెచ్చిన 10,000 రూపాయలకు ఆరు నెలలలో 1,200 రూపాయలు కట్టవలెను. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట ఋణము సాలుకు నూటికి 7 వంతున లభించును. గడువులోపల తీర్చినవారికి 3 తగ్గి 4 మాత్రమే పడును. అదే సొమ్మునకు ఆరు నెలల వడ్డీ అప్పుడు 200 రూపాయలు. కార్డు పరిమితిని లెక్కించునపుడు పంట వ్యయమునకు తోడు నూటికి 10 వంతులు కోత పిదప ఖర్చులకును, ఇంటి అవసరములకును కలుపుదురని చాలమంది యెరుగరు. నమోదైన గిడ్డంగిలో ధాన్యము నుంచి, ఆ రసీదు మీద ఆరు నెలల వరకు రాయితీ వడ్డీకి ఋణము పొందు సదుపాయము కార్డు గల చిన్న, సన్నకారు రైతులకు కలదు.

మరియొక మాట. కళ్లము వద్ద బేరము పురుషులు చేయుదురు. ఏ నెలలో ఏ డబ్బా ఖాళీయగునో స్త్రీలు ఎరుగుదురు. ఈ రెండు లెక్కలు ఒకచోట కలియుట అరుదు. బేరగాడు రాకముందే ఇల్లాలిని అడిగి, తిండికిన్ని బస్తాలు, విత్తనమునకిన్ని, పనివారికిన్ని అని వేరుచేసి గుర్తు పెట్టవలెను. మిగిలినదే అమ్మకపు ధాన్యము. ఇది మా అనుభవమున అన్ని ఉపాయములకంటె ముఖ్యమైనది.

వేరుచేసిన గింజ పురుగుల పాలైనచో అమ్ముకొనుటయే మేలను మాట వచ్చును. కావున నిల్వ విషయమున శ్రద్ధ వలెను. సముద్రతీరపు గాలిలో చెమ్మ అధికము. తెలంగాణమున, రాయలసీమలో జొన్నలను పూర్వము పాతరలలో దాచెడివారు. ఆ పద్ధతి మన తడినేలకు పనికిరాదు. ధాన్యమున తేమ నూటికి 12, 13 పాళ్లకు మించకుండ ఎండబెట్టవలెను. తేమ మిక్కుటముగ నున్నదో లేదో తెలిసికొనుటకు యంత్రము లేకున్నను ఒక పరీక్ష కలదు. బాగుగ నెండిన గాజుసీసాలో మూడవవంతు వరకు గింజలు పోసి, ఎండబెట్టిన ఉప్పు కొంచెము వేసి, మూత బిగించి, ఒక నిమిషము కుదిపి, పది నిమిషములు కదలక ఉంచవలెను. ఉప్పు సీసా గోడల కంటుకొన్నచో తేమ 15 పాళ్లకు పైగా నున్నదని యెరిగి మరల ఎండబెట్టవలెను. అంటుకొనకున్నను ఇంకొక యెండ చూపుట క్షేమకరము. ఎండనుండి తీసిన గింజను వేడిమీద బస్తాకెత్తరాదు, లోపల చెమర్చి బూజు పట్టును.

బియ్యముగ గాక ధాన్యముగనే దాచవలెను. ఊక గింజకు కవచము వంటిది, అది చెడనంతవరకు ముక్కపురుగు సులభముగ చొరలేదు. రెండు నెలలకు కావలసినంత మాత్రమే మర ఆడించుకొనుట మంచిది. బస్తాలను నేలమీద గాక చెక్కబల్లలమీద, గోడకు మూరెడు దూరమున పేర్చవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్ హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు విద్యుత్తు, నీరు, పాలు నగరమున కొన్ని దినములు దుర్లభమైనవి. అటువంటి దినములలో పొడిగానున్న నాలుగు బస్తాల విలువ ఏ లెక్కకును అందదు. నేలమీది బస్తాలకు మాత్రము ముందుగా తడి తగులును.

ఎలుక దినమునకు సుమారు 25 గ్రాముల గింజ తినును. పది ఎలుకలు చేరిన యింట ఏడాదికి 90 కిలోలు, అనగా బస్తాకు పైగా, వానికే పోవును. తిన్నదానికంటె చెరిపినది అధికము. కన్నములు పూడ్చి, తలుపు క్రింద రేకు కొట్టించుటకగు ఖర్చు ఒక్క యేటనే తీరును.

మినుము, పెసర విషయమున జాగ్రత్త ఇంకను హెచ్చు. వరి కోతకు ముందు చల్లిన అపరాలకు పుచ్చు పురుగు పొలములోనే కాయలమీద గ్రుడ్లుపెట్టి గింజతో కూడ ఇల్లు చేరును. నెలకొక తరము చొప్పున పెరిగి మూడు నాలుగు నెలలలో డబ్బా అంతయు పిండి చేయును. కావున తెచ్చిన వెంటనే పలుచగ పరచి గట్టి యెండలో ఆరబెట్టవలెను. తిండికి కావలసినవానిని పప్పుగ విసరి దాచినచో ఈ పురుగు అంతగా పట్టదు, గుండుగింజయే దానికి ప్రియము. గుండుగ దాచు గింజలకు కిలోకు ఒక చిన్న చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్ల, వంటనూనె లేక ఆముదము సమముగ పట్టించవలెను. విత్తనపు మొలకకు దీనివలన హాని లేదు. తిండిగింజలలో పొలపు మందుల పొడులు ఎన్నడును కలుపరాదు. పొగబెట్టు బిళ్లలను నివసించు ఇంటిలో వాడుట ప్రాణాపాయము. ఆ వాయువు గదినుండి గదికి వ్యాపించి నిద్రించువారిని చంపును.

వంటచెరకు, గ్యాసు విషయము ఇచ్చట విస్తరింపము. పప్పును గంటసేపు నానబెట్టి మూతపెట్టి వండుటయు, నాలుగైదు పశువులున్నవారు గోబరుగ్యాసు తొట్టి కట్టించుకొనుటయు మేలు. తొట్టినుండి వచ్చు ముద్ద పొలమునకు మంచి ఎరువు.

విత్తనమునకై వేరుచేసిన ధాన్యమును తిండి బస్తాలతో కలుపక గుర్తుపెట్టి యుంచవలెను. శ్రీకాకుళం సన్నాలు, స్వర్ణ వంటి రకములను కేళీలు తీసి కొన్ని సంవత్సరములు ఇంటనే కాపాడుకొనవచ్చును. సంకర విత్తనముల కిది చెల్లదు. వైశాఖమాసమున నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి మొలకలు లెక్కింపవలెను. 80 కంటె తక్కువ మొలచినచో, ఏరువాకకు ముందే వేరు విత్తనము సంపాదించుకొనుటకు వ్యవధి యుండును.