చెరకులో దాగిన రెల్లు

వానలు వెనకబట్టాక మరైగూడ వైపు వాగు గట్లు, శబరి నది ఒడ్డు రెల్లుపూతతో తెల్లబడతాయి. ముదిరితే పశువులు కూడా ముట్టని ఆ గడ్డి చెరకుకు దగ్గరి చుట్టం. దాన్ని తలుచుకోక తప్పని ప్రశ్న ఒకటి ఈమధ్య ఒక పాఠకుడు అడిగారు: తేనెటీగలు తగ్గిపోతే చెరకు దిగుబడి కూడా పడిపోతుందా?

పడిపోదు. రైతు నాటేది ముచ్చెలు; పంటకు పూతతో పనిలేదు. పూసినా పుప్పొడిని మోసేది గాలి. కానీ ఆ పూత లేకపోతే ఈనాటి చెరకు రకాలే లేవు.

అసలు చెరకుకు విత్తనం కట్టదని పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా పండితులు కూడా నమ్మారు. నూగులో దాగిన నలుసంత విత్తనం ఎవరి కంటా పడలేదు మరి. 1888 ప్రాంతంలో జావాలో సోల్ట్‌వెడెల్, బార్బడోస్‌లో హారిసన్, బోవెల్ మొలకలనే చూపించి ఆ మాట తప్పని తేల్చారు.

1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ శాస్త్రజ్ఞులు బార్బర్, వెంకటరామన్ 'వెల్లై' అనే లావుపాటి తీపి చెరకును స్థానిక రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో పంజాబు రైతులకు చేరింది.

అసలు అద్భుతం దాని కణాల్లో ఉంది. సంకరంలో తల్లి సగం, తండ్రి సగం క్రోమోజోములు ఇవ్వాలి. వెల్లైకి 80, ఆ రెల్లుకు 64. బిడ్డకు 40, 32 కలిపి 72 రావాలి కదా? వచ్చినవి 112! తండ్రి సగమే ఇచ్చింది, తల్లి మాత్రం తన 80నీ ధారపోసింది. చెరకులోని ఈ వింత లెక్కను 1920లలో జావాలో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్రెమర్ విప్పి చెప్పాడు. ఆ బిడ్డ పుప్పొడిని మళ్లీ తీపి చెరకుకు పట్టిస్తే, తల్లి మరోసారి మొత్తం 80 ఇస్తుంది. అప్పుడు 136 క్రోమోజోముల్లో రెల్లు వంతు సుమారు 16. అందుకే ఎన్నో తరాలు ఆగకుండానే తీపి తిరిగొచ్చింది. తెగుళ్లనూ నీటి ఎద్దడినీ తట్టుకునే రెల్లు మొండితనం మాత్రం నిలిచింది. ఇంత సులువైన దారి చెరకు తానే చూపించడం కన్నా పెద్ద అదృష్టం ఏ పంట పరిశోధకుడికి దక్కుతుంది!

మన అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913 నాటిది. అక్కడి నుంచి వచ్చిన 87 ఎ 298, అంటే విశ్వామిత్ర, వంటి రకాలకూ మూలం ఈ సంకర వంశాలే.

మరి పురుగుల సంగతి? చెరకును తొలిచే పీక పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే ట్రైకోగ్రామా కందిరీగను కార్డుల మీద పెంచి తోటల్లో కడుతున్నారు. పెద్దయిన ఆ కందిరీగ ఆహారం మకరందం. చెరకుకు అక్కర్లేని పూలు చెరకును కాసేవాడికి కావాలన్నమాట. అయినా గట్ల మీది పూలమొక్కలను కలుపు అని చంపేసి, చెరకు చెత్తను కాల్చేసి, తేనెటీగలకూ విషమైన నియోనికోటినాయిడ్ మందులు చల్లడం మానడం లేదు. గట్టున కొన్ని పూలు ఉంచి, చెత్తను సాళ్ల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, పీక పురుగూ తగ్గుతుంది. ఇందుకు కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.