బటన్ నొక్కగానే మాట ఎందుకు వెళ్లదు?

పోలీసుల చేతిలో వాకీటాకీ చూసే ఉంటారు. నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. అమెరికాలో ఈ పద్ధతిని సెల్‌ఫోన్‌లోకి తెచ్చి పేరు తెచ్చుకున్న కంపెనీ నెక్స్‌టెల్. అది వాడిన మోటరోలా వారి ఐడెన్ నెట్‌వర్క్‌ను మొదటినుంచీ ఈ పనిని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. అందుకే దాదాపు సెకనులోపే అవతల గొంతు పలికేది.

2003లో వెరైజన్ కూడా ఈ సేవ మొదలుపెట్టింది. అయితే అందులో మాట వెళ్లడానికి కొన్ని సెకన్లు పట్టేది. ఎందుకు?

వెరైజన్ సేవలో మాట డేటా ప్యాకెట్లుగా ముక్కలై వెళ్లేది. ఊరికే ఉన్న ఫోన్ బ్యాటరీ ఆదా కోసం రేడియో ఛానల్‌ను వదిలేస్తుంది. టవర్ పిలుస్తోందేమోనని మధ్యమధ్యలో మాత్రమే చెవి ఒగ్గుతుంది. మీరు బటన్ నొక్కితే ముందు మీ ఫోన్‌కు ఛానల్ దొరకాలి. సర్వర్ మీ స్నేహితుడి ఫోన్‌ను వెతికి నిద్రలేపాలి. దానికీ ఛానల్ దొరకాలి. అదంతా అయ్యాకే 'ఇక మాట్లాడు' అన్నట్టు బీప్! అందుకే తొలి మాటకే ఎక్కువ ఆలస్యం. తర్వాతివి చకచకా సాగుతాయి.

సిగ్నల్ బలహీనమైతే ఇంకో చిక్కు. ఆలస్యంగా చేరిన ప్యాకెట్‌ను ఫోన్ పారేస్తుంది, మాట తెగిపోతుంది. 'లోపలికి వెళ్లకు' అన్న హెచ్చరికలో చివరి ముక్క పోతే?

అగ్నిమాపక దళాల వంటి వారి కోసం 4జీలో ప్రత్యేక ప్రమాణం పెట్టారు: నూటికి 95 సార్లు 300 మిల్లీసెకన్లలోపే మాట్లాడే అవకాశం దొరకాలి. అయినా టవరే కూలితే? నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పాత వాకీటాకీదే పైచేయి.