పిల్లల పళ్లెంలో సాసేజ్: హలాల్ ముద్ర ఒక్కటే చాలదు

ఆ మధ్య ఓ సాయంత్రం మా నాలుగేళ్ల చిన్నవాడు బడి నుంచి రాగానే నిక్కరు జేబులోంచి ఓ కాగితం పొట్లం తీశాడు. అందులో వేలెడంత సాసేజ్ ముక్క ఉంది. పక్కన కూర్చునే స్నేహితుడు ప్రేమగా ఇచ్చాడట. నోట్లో పెట్టుకోకుండా ఇంటిదాకా మోసుకొచ్చి, "అమ్మీ, ఇది మనం తినొచ్చా?" అని అడిగాడు.

ముద్ద ముద్దకూ మారాం చేసే పసివాడు నోరూరుతున్నా ఆగి అడిగాడు. అలాంటి ప్రశ్నకు "ఏమో, పారెయ్" అనడం జవాబు కాదు. వాడు నిశ్చింతగా తినగలిగే మంచి సాసేజ్ వెతికిపెట్టడం మా బాధ్యత అనుకున్నాం. అదెంత పనో వెతకడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు.

సాసేజ్ అనగానే అది మన తిండి కాదంటూ పెద్దలు కొందరు ముఖం తిప్పుకుంటారు. నిజానికి పేరే కొత్తది. ఖీమాలో మసాలా కలిపి పొడుగ్గా చుట్టే మన షీక్ కబాబ్ దానికి దగ్గరి చుట్టమే. తుర్కీలో సుజూక్ అనీ, మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో మెర్గెజ్ అనీ ముస్లిం కుటుంబాలు ఇష్టంగా తినేవి సాసేజ్‌లే. కనుక చిక్కు వంటకంతో కాదు, అందులో ఏముందన్న దానితోనే.

గుర్తు చెప్పేది ఎంత?

దుకాణదారు "అంతా హలాలే భాయ్" అన్నాడు. తిప్పి చూస్తే ప్యాకెట్ మీద ఆ మాటే లేదు. గోధుమ రంగు గుర్తు మాత్రం ఉంది. అది మాంసాహారమని తెలుపుతుందే తప్ప జబహ్ ఎలా జరిగిందో తెలుపదు. మన దేశంలో హలాల్ ధ్రువపత్రాలను జమీయతె ఉలమాయె హింద్ హలాల్ ట్రస్ట్ వంటి సంస్థలు ఇస్తాయి. కాబట్టి వట్టి "హలాల్" అన్న అక్షరాలు చూసి ఆగిపోకుండా, ముద్రలో ధ్రువీకరించిన సంస్థ పేరు ఉందో లేదో కూడా చూడాలి.

చాలామంది గమనించనిది పైపొర. మాంసాన్ని కూరే ఆ సన్నని గొట్టం గొర్రె పేగుతోనో, పంది పేగుతోనో, పశువుల చర్మం నుంచి తీసే కొల్లాజెన్‌తోనో తయారవుతుంది. మొక్కల పీచుతో చేసే సెల్యులోజ్ పొర కూడా ఉంది. దాన్ని ఉడికాక ఒలిచేస్తారు. అమెరికా వంటి దేశాల్లో కోడిమాంసాన్ని పంది పేగులో కూరి అమ్మే సాసేజ్‌లూ దొరుకుతాయి. అక్కడున్న మన పిల్లలు "చికెన్" అన్న మాట చూసి మోసపోకూడదు.

హలాల్ సరే, తయ్యిబ్ మాటేమిటి?

దివ్య ఖుర్ఆన్‌లో, బఖరా సూరా 168వ ఆయత్‌లో, హలాల్ అన్న మాట వెంటనే తయ్యిబ్ అన్న మాట ఉంది. ధర్మసమ్మతమైతే చాలదు, అది మంచిదీ శుభ్రమైనదీ కావాలి. పసివాళ్ల విషయంలో ఈ రెండో మాటను మనం తరచూ మరచిపోతున్నాం.

ప్యాకెట్ మీద దినుసుల్ని బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి పేరు మాంసమై ఉండాలి. పిండి పదార్థాలు, సోయా ముందు వరుసలో కనిపిస్తే దాన్ని అక్కడే పెట్టేయండి. తర్వాత ఉప్పు చూడాలి. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది. వంద గ్రాముల్లో 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే అది 2 గ్రాముల ఉప్పు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజు మొత్తానికి 2 గ్రాములు మించవద్దని బ్రిటన్ ఆరోగ్య సేవా సంస్థ సూచన.

గులాబీ రంగు నిలవడానికీ, విషక్రిములు పెరగకుండా ఉండటానికీ 250 అంకెతో సూచించే సోడియం నైట్రైట్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఇలా నిల్వచేసిన మాంసాలను క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఎప్పుడో ఒకసారి తిన్నందుకు భయపడనక్కర్లేదు. రోజూ టిఫిన్ డబ్బాలో పెట్టే వస్తువు మాత్రం కాదది.

ఇంట్లోనే చేశాం

చివరకు దాదీమా "ఖీమా నాకు తెచ్చివ్వండి" అన్నారు. నమ్మకమైన కసాయి దగ్గర కళ్లముందే కొట్టించిన అరకిలో కోడి తొడ ఖీమా తెచ్చాం. పాలలో నానబెట్టి పిండిన బ్రెడ్ ముక్క, గుడ్డు తెల్లసొన, కాస్త అల్లం వెల్లుల్లి, చిటికెడు మిరియాల పొడి, అర చెంచా ఉప్పు, రెండు చెంచాల నెయ్యి, రెండు చెంచాల ఐసు నీళ్లు. చేతికి జిగురుగా తగిలేదాకా పిసకాలి. పట్టు వచ్చేది ఆ జిగురుతోనే. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, వేలంత లావున చుట్టి, సెగకు వాడ్చిన అరటాకుల్లో పెట్టి దారం కట్టి, ఇడ్లీ పాత్రలో పావుగంట ఆవిరి పెట్టాలి. ఒకటి విరిచి చూసి, లోపల పచ్చిదనం లేకపోతేనే దించాలి. తినేముందు పెనం మీద కాస్త ఎర్రగా వేయిస్తే సరి. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచవద్దు.

మొదటిసారి మావాడు ఒక్క కొరుకు కొరికి వదిలేశాడు. మేము బలవంతం చేయలేదు. కొత్త రుచి అలవాటు కావడానికి పిల్లలకు చాలాసార్లు పడుతుంది. రెండోసారి చుట్టే పని వాడికే అప్పగించాం. వంకరటింకరగా తాను చుట్టినవి తానే తిన్నాడు.

ఒక హెచ్చరిక. గుండ్రని ముక్కలు పసివాళ్ల గొంతుకు సరిగ్గా అడ్డుపడతాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లోనే హాట్‌డాగ్‌ల విషయమై ఈ మాట చెప్పింది. ముందు నిలువుగా నాలుగు చీలికలు చేసి, ఆ తర్వాతే చిన్న ముక్కలు కోయాలి. కూర్చోబెట్టి తినిపించాలి.

మరుసటి వారం డబ్బాలో రెండు ఎక్కువే పెట్టాం. ఆ రోజు ముక్క ఇచ్చిన స్నేహితుడి బాకీ తీర్చాలి కదా! సాయంత్రం డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. "ఇది మనం తినొచ్చా?" అని పిల్లలు అడుగుతున్నంత కాలం, ప్యాకెట్ తిప్పి చదివే ఓపిక మనకూ ఉండాలి.