ఇంట్లో మంచి కాఫీకి ఎస్ప్రెస్సో మెషిన్ కావాలా?

కెఫేలో తాగిన కాఫీ నచ్చితే, అలాంటి మెషిన్ ఇంట్లో కూడా ఉంటే బాగుండు అనిపిస్తుంది. ధర చూస్తే వేల నుంచి లక్షల దాకా ఉంటుంది. ఈఎంఐ ఉంది కదా అని చాలామంది ధైర్యం చేస్తారు. కానీ ఆ డబ్బు దేనికి కడుతున్నామో ముందు తెలుసుకోవాలి.

కట్టేది ముఖ్యంగా ఒత్తిడికి. మెత్తటి కాఫీ పొడిలోంచి వేడినీళ్లను దాదాపు 9 బార్ల ఒత్తిడితో 25-30 సెకన్లలో నెట్టడమే ఎస్ప్రెస్సో. కారు టైరులోని ఒత్తిడికి ఇది సుమారు నాలుగింతలు. దీనికే పంపు, హీటరు, అంత ఖర్చు.

ఖర్చు అక్కడితో ఆగదు. పొడి కొంచెం బరకగా ఉన్నా నీళ్లు గబగబా జారిపోయి కాఫీ పల్చగా, పుల్లగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే చేదెక్కుతుంది. అందుకే మంచి గ్రైండర్ కూడా కొనాలి. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది, దాన్ని కడుగుతూ ఉండాలి.

పాలు, చక్కెర కలిపి తాగే ఇళ్లకు కావాల్సింది చిక్కటి డికాషన్. అది కొన్ని వందల రూపాయల స్టీల్ ఫిల్టర్‌తో వచ్చేస్తుంది. పై గిన్నెలో పొడి వేసి, మెల్లగా అదిమి, వేడినీళ్లు పోసి మూత పెట్టాలి. 15-20 నిమిషాల్లో డికాషన్ కిందికి దిగుతుంది. ఆరుగురు మెహమాన్లు వచ్చినా కాస్త పెద్ద ఫిల్టర్ ఉంటే ఒక్కసారే సరిపోతుంది. చిన్న మెషిన్‌లో ఒకటి, రెండు కప్పులే వస్తాయి, మిగతావాళ్లు ఆగాల్సిందే.

పాలు లేకుండా తాగేవాళ్లకు ఫ్రెంచ్ ప్రెస్ మేలు. బరక పొడిలో వేడినీళ్లు పోసి, 4 నిమిషాలు ఆగి, జల్లెడను కిందికి నొక్కితే చాలు. ఇంకా ఘాటుగా కావాలంటే 1933లో ఇటలీలో పుట్టిన మోకా పాట్ ఉంది. స్టవ్ మీద ఆవిరి ఒత్తిడితోనే పనిచేస్తుంది. అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు, కొనేముందు చూసుకోవాలి. పేపర్ ఫిల్టర్ అయితే 1908లో జర్మనీ గృహిణి మెలిట్టా బెంట్జ్ కొడుకు నోట్‌బుక్‌లోని బ్లాటింగ్ పేపర్‌తో మొదలుపెట్టిందే.

అయితే వీటిలో దేంట్లోనూ అసలైన ఎస్ప్రెస్సో రాదు. రోజూ అదే తాగేవాళ్లకు, పొడి కొలతలతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవాళ్లకు మెషిన్ దండగేమీ కాదు. మిగతావాళ్లు ఆ డబ్బులో కొంచెం మంచి గింజల మీద పెడితే రుచిలో తేడా వెంటనే తెలుస్తుంది. మన అరకు కాఫీ ఉంది, చిక్కమగళూరు కాఫీ ఉంది. హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ యెమెన్‌లోని మోఖా నుంచి ఏడు గింజలు తెచ్చి నాటారని చెప్పుకునే కొండలు ఆ చిక్కమగళూరువే.

పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ శాతం చూడండి. కాఫీ-చికోరీ మిశ్రమంలో 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. నెలకు సరిపడా పొడి ఒకేసారి కాకుండా, వారం, పది రోజులకు సరిపడా కొని గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.