ఒక రోజులో సముద్రం, కోట

నర్సీపట్నం నుంచి సముద్రం మరీ దూరం కాదు. అయినా సముద్రం చూడనివాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. పొలంపని, కూలిపని, ఇంటిపని. వీటితోనే ఏళ్లు గడిచిపోతాయి. "ఎప్పుడో ఒకసారి వెళ్దాంలే" అనుకుంటారు. ఆ ఒకసారి రాదు.

ఒక కుటుంబం ఉందనుకుందాం. మామ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మామ్మ ముసలితనంలో అక్షరాలు నేర్చుకుంది. వీళ్లు ఒక ఆదివారం కారు మాట్లాడుకున్నారు. భీమిలి, పద్మనాభం, విజయనగరం చూసి రాత్రికి ఇంటికి రావాలి. వాళ్లతోపాటు మనమూ వెళ్దాం.

బయలుదేరే ముందు

కారు మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు అడగాలి. కిలోమీటరుకు ఎంత? డ్రైవరు బత్తా ఎంత? టోలుగేటు డబ్బు ఎవరు కట్టాలి? ఆలస్యమైతే ఇంకెంత ఇవ్వాలి? జవాబులు కాగితం మీద రాసుకోవాలి.

కారులో కిలోమీటర్లు చూపే మీటరు ఉంటుంది. పొద్దున్న అందులో 41,320 ఉందనుకోండి. రాత్రి ఇంటికొచ్చాక 41,580 ఉంది. తీసివేస్తే 260. అంటే కారు 260 కిలోమీటర్లు తిరిగింది. ఈ లెక్క మన చేతిలో ఉంటే చివర్లో తగాదా ఉండదు.

దారి

తెల్లవారుజామున బయలుదేరితే మంచిది. ఎండ ముదరకముందే సముద్రం చూడొచ్చు. మాకవరపాలెం దాటి తాళ్లపాలెం దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాలి. తరువాత అనకాపల్లి వస్తుంది. అది బెల్లానికి పేరున్న ఊరు. ఆపైన విశాఖపట్నం. అక్కడి నుంచి భీమిలి వరకు సముద్రం పక్కనే రోడ్డు ఉంది. దారిలో తొట్లకొండ కనిపిస్తుంది. సుమారు 2,000 ఏళ్ల కిందట ఆ కొండ మీద బౌద్ధ భిక్షువులు ఉండేవారు. నీటికోసం రాతిలో తొట్లు తొలిచారు. అందుకే దానికి ఆ పేరు.

భీమిలికి ఓడలు ఎందుకొచ్చాయి?

భీమిలి అసలు పేరు భీమునిపట్నం. 1600 తరువాత హాలెండు దేశంవాళ్లు ఓడల మీద ఇక్కడికి వచ్చారు. వీళ్లనే డచ్చివాళ్లు అంటారు. వాళ్లకి కావలసింది మన నేతగాళ్లు నేసిన బట్ట. ఆ బట్టను తూర్పు దీవులకు తీసుకెళ్లేవారు. అక్కడ లవంగాలు, జాజికాయలు కొనేవారు. వాటిని తమ దేశంలో ఎక్కువ ధరకు అమ్ముకునేవారు.

సరుకును కాపాడుకోవడానికి వాళ్లు ఇక్కడ కోట కట్టుకున్నారు. ఆ కోటలో ఇప్పుడు పెద్దగా మిగిలింది లేదు. కానీ వాళ్ల సమాధులు ఉన్నాయి. లాభం కోసం వచ్చినవాళ్లలో కొందరు ఈ మట్టిలోనే కలిసిపోయారు. 1825లో ఈ ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. మన దేశంలో చాలా పాత మునిసిపాలిటీలలో ఇది ఒకటి.

సముద్రం ఉప్పన ఎందుకు?

మామ్మ నీళ్లు నోట్లో వేసుకుని ఉమ్మేసింది. "ఇన్ని నదులు వచ్చి కలుస్తాయి గదా! అయినా ఉప్పన పోదేం?" అని అడిగింది.

నదులే ఉప్పు తెస్తాయి. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అది అనంతగిరి కొండల నుంచి, బొర్రా గుహల మీదుగా వస్తుంది. నీరు రాళ్లను ఒరుసుకుంటూ కొంచెం కొంచెంగా లవణాలను కరిగించి తెస్తుంది. ఎండకు సముద్రం నీరు ఆవిరై మబ్బవుతుంది. ఉప్పు మాత్రం కిందే ఉండిపోతుంది. కోట్ల ఏళ్లుగా ఇలా జరుగుతోంది.

ప్రాణం పోయే చోటు

పిల్లలు నీళ్లలోకి పరుగెత్తారు. ఒకచోట అలలు తక్కువగా ఉన్నాయి. అక్కడ బాగుందని అటు వెళ్లబోయారు. ఒడ్డున ఒక బోర్డు ఉంది. మామ్మ కూడబలుక్కుని చదివింది. "ఇక్కడ స్నానం ప్రమాదం." వెంటనే పిల్లల్ని కేకేసింది.

"నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయి కదమ్మా!" అన్నాడు కొడుకు.

అదే మోసం. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు మళ్లీ లోపలికి పోవాలి. ఒక్కోసారి అదంతా ఒకే సందులోంచి వేగంగా పోతుంది. ఆ సందులో అలలు పెద్దగా విరగవు. అందుకే పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. అందులో దిగితే ఈతగాడినైనా లోపలికి లాగేస్తుంది. నది కలిసే చోటు కూడా ఇలాగే ప్రమాదం.

లాగేస్తే ఏం చెయ్యాలి? నీటికి ఎదురీదకూడదు. అలసిపోయి మునిగిపోతాం. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేకెయ్యాలి. ఒడ్డున ఉన్నవాళ్లు తొందరపడి దూకకూడదు. తాడో, ఖాళీ డబ్బానో విసరాలి. 112కు గాని, 108కి గాని ఫోను చెయ్యాలి.

పద్మనాభం యుద్ధం

భీమిలి నుంచి విజయనగరం వెళ్లే దారిలో పద్మనాభం ఉంది. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. 1794 జూలై 10న ఇక్కడ యుద్ధం జరిగింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు కప్పం బాకీ పడ్డాడని ఇంగ్లీషు కంపెనీవాళ్లు అన్నారు. కోట తీసుకున్నారు. మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. ఆయన వెళ్లలేదు. తనవాళ్లతో పద్మనాభంలో నిలబడ్డాడు. కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. ఆయనతోపాటు చాలామంది సైనికులూ చనిపోయారు.

విజయనగరం కోట

ఈ కోటకు 1713లో పునాది వేశారు. ఆ ఏడాది పేరు విజయ. ముహూర్తం విజయదశమి రోజు, అదీ జయవారమైన మంగళవారం. కట్టించిన రాజు పేరు విజయరామరాజు. అందుకే ఊరికి విజయనగరం అని పేరు పెట్టారని చెబుతారు. కోట నలుచదరంగా ఉంటుంది. గోడలు రాతివి, చాలా మందం.

ఈ గోడల వెనుక మంచీ ఉంది, చెడూ ఉంది. 1757లో విజయనగరం రాజు ఫ్రెంచివాళ్లతో కలిసి బొబ్బిలి మీదకు వెళ్లాడు. బొబ్బిలి కోట నాశనమైంది. పొరుగువాళ్లు కొట్టుకున్నారు. బయటివాళ్లు బలపడ్డారు.

ఇప్పుడు కోటలో సైన్యం లేదు. 1958లో పి.వి.జి. రాజు మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టారు. కోటను చదువులకు ఇచ్చారు. ఒకప్పుడు కాపలా లేనిదే ఎవరినీ రానివ్వని గుమ్మంలోంచి ఇప్పుడు ఆడపిల్లలు పుస్తకాలతో వెళ్తున్నారు.

"మన పిల్ల కూడా ఇక్కడ చదవొచ్చా?" అని కోడలు అడిగింది. చదవొచ్చు. ముందు పదో తరగతి మధ్యలో మాన్పించకుండా ఉండాలి.

పాత గోడల మీద పేర్లు చెక్కకూడదు. రాయి తియ్యకూడదు. అవి మన తరువాతవాళ్లకీ కావాలి.

తిరుగు ప్రయాణం ఆనందపురం, సబ్బవరం మీదుగా అనకాపల్లి. అక్కడి నుంచి నర్సీపట్నం.

ఆలోచించండి

1. అలలు లేని చోటు ఎందుకు ప్రమాదం?
2. డచ్చివాళ్లు మన దగ్గర ఏం కొన్నారు?
3. మీ ఊరి దగ్గర పాత కోట, గుడి, చెరువు ఏవైనా ఉన్నాయా? వాటి గురించి పెద్దవాళ్లను అడిగి ఐదు వాక్యాలు రాయండి.