వాలుగ వేటకు వేళ

గోదావరి, మహానది వంటి నదుల్లోను, చెరువుల్లోను వాలుగ దొరుకుతుంది. దానికి పొలుసులుండవు, పొడవైన మీసాలుంటాయి.

చేప శీతల రక్త జీవి. నీటి వేడిని బట్టి దాని ఒంటి వేడి మారుతుంది. చలికాలంలో నీరు చల్లబడితే వాలుగకు అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. లోతు మడుగుల్లో కదలక పడి ఉంటుంది. గాలం వేసినా ఎరను అంతగా ముట్టదు.

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందని పెద్దలంటారు. ఆ తరువాత, లోతు తక్కువైన ఒడ్డునీరు ముందుగా వేడెక్కుతుంది. చిన్న చేపలు అక్కడికి చేరతాయి. వాటికోసం వాలుగ చీకటి పడ్డాక ఒడ్డుకు వస్తుంది. అదే గాలానికి తగిన వేళ.

వానాకాలంలో వాలుగ గుడ్లు పెడుతుంది. అప్పుడు తల్లిచేపను పట్టుకుంటే వేలాది గుడ్లు నశిస్తాయి. కనుక తొలకరి పడగానే వేట ఆపాలి. అలా ఆపితేనే మరుసటి ఏడు మళ్ళీ చేపలుంటాయి.