పాతబడిన విలాస వాహనం ఎంతకాలం మన్నుతుంది?

ఒక యంత్రం వయస్సును ఎట్లు లెక్కించాలి? మోటారుబండి విషయంలో చాలామంది మొదట చూచేది కిలోమీటర్ల మీటరు. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి ముసలిదనీ, ముప్పైవేలు తిరిగినది పడుచుదనీ అనుకోవడం వాడుక. కాని గోదావరి డెల్టాలో ఈ లెక్క తరచు తప్పుతుంది. రాజమండ్రిలోగాని, భీమవరంలోగాని పాతబండ్లు అమ్మేచోట నిగనిగలాడుతూ నిలిచిన పెద్ద ఫోర్ వీల్ డ్రైవు బండి, కొత్తదాని ధరలో కొద్దిభాగానికే దొరుకుతుంది. వరి పంట డబ్బుతోనో, రొయ్యల చెరువు మీద వచ్చిన లాభంతోనో దానిని కొన్న కుటుంబం, వరద రోజులలో రోగిని ఆసుపత్రికి చేర్చడానికి కూడా దానినే నమ్ముకొంటుంది. కనుక అట్టి బండి ఎందువల్ల చెడుతుందో, దాని మన్నికను ఎట్లా అంచనా వేయాలో తెలిసి ఉండటం అవసరం.

జీపునుండి విలాస వాహనం దాకా

సాధారణమైన కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. అవి బురదలో దిగబడితే బండి కదలదు. నాలుగు చక్రాలకూ బలాన్ని పంచితే నేలమీద పట్టు దొరికే అవకాశం పెరుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవు అంటే ఇదే. అమెరికా సైన్యం కోసం 1941 నుండి తయారైన విల్లీస్ జీపు ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది సంవత్సరాలలోనే మహీంద్రా సంస్థ ఆ జీపులను బొంబాయిలో కూర్చి అమ్మసాగింది. ఇంగ్లండువారి లాండ్ రోవర్ 1948లో వెలువడింది. పొలానికీ పట్టణానికీ ఒకే బండి పనికిరావాలనే ఉద్దేశంతో అదే సంస్థ 1970లో రేంజ్ రోవర్‌ను తెచ్చింది. 1992లో దానికి ఇనుప స్ప్రింగులకు బదులు, గాలి నింపిన రబ్బరు సంచులపై బండి తేలే ఏర్పాటు కూడా వచ్చింది. ఆ సంస్థ 2008లో మన టాటా మోటార్స్ చేతికి వచ్చింది.

పాత జీపులో కమాను పట్టీలు, ఇంజను, పండ్ల చక్రాల పెట్టెలు తప్ప చెడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. నేటి విలాస వాహనంలో గాలి సంచులు, వాటిని నింపే పంపు, ఎత్తును కొలిచే సాధనాలు, పదుల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు, వాటిని కలిపే తీగల గుత్తులు ఉన్నవి. సుఖం పెరిగింది. దానితోపాటు చెడిపోగల భాగాల సంఖ్యా పెరిగింది.

భాగాల గుణకారం

ఒక గొలుసులో ఏ లింకు తెగినా గొలుసు తెగినట్లే. యంత్రం విషయంలో ఈ సంగతిని గణితరూపంలో చెప్పినవారిలో జర్మన్ ఇంజనీరు రాబర్ట్ లుస్సర్ ప్రసిద్ధుడు. ఏ ఒక్క భాగం చెడినా ఆగిపోయే యంత్రం నమ్మకాన్ని కనుగొనాలంటే, అన్ని భాగాల నమ్మకాలనూ ఒకదానితో ఒకటి గుణించాలి.

ఉదాహరణకు, ఒక భాగం ఏడాదిపాటు చెడకుండా ఉండే అవకాశం నూటికి 99 అనుకొందాం. ఇది చాలా మంచి భాగమే. అటువంటి భాగాలు 20 ఉంటే ఆ యంత్రం ఏడాదిపాటు నిరాటంకంగా నడిచే అవకాశం నూటికి 82. భాగాలు 200 అయితే అది నూటికి 13కు పడిపోతుంది! ఆ 200 భాగాల యంత్రం తిరిగి 82కు రావాలంటే ఒక్కొక్క భాగం వెయ్యికి 999 పాళ్ళు నమ్మదగినదై ఉండాలి. విలాస వాహనంలో ప్రతి లోపమూ బండిని ఆపివేయదన్నది నిజమే. అయినా ఖరీదైన బండి ఎందుకు ఎక్కువసార్లు మరమ్మతుకు వస్తుందో ఈ లెక్కవల్ల బోధపడుతుంది. దానిలో భాగాలు నాసిరకమైనవి కానక్కరలేదు, ఎక్కువైతే చాలు.

పైగా ఏ భాగమూ జీవితమంతా ఒకే తీరున ఉండదు. కొత్తలో తయారీ లోపాలు బయటపడతాయి. తరువాత చాలాకాలం చిక్కులు తక్కువగా ఉంటాయి. చివరకు అరుగుదలవల్ల మళ్ళీ పెరుగుతాయి. ఈ మార్పును గీస్తే తొట్టి అడ్డుకోత ఆకారం వస్తుంది. మొదటి యజమాని బండిని అమ్మేది తరచు ఈ తొట్టి అడుగు ముగిసి అంచు పైకి లేచే వేళలోనే. కొన్నవాని భాగానికి వచ్చేది ఆ ఎక్కుడు మెట్టు.

ఉప్పుగాలి

ఇనుము తుప్పుపట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. నీటిలో ఉప్పు చేరితే విద్యుత్తు సులభంగా ప్రవహించి ఆ చర్య వేగవంతమవుతుంది. ఉప్పులోని క్లోరైడు, లోహాన్ని కాపాడే పలుచని పొరనుకూడా ఛేదిస్తుంది. నరసాపురం, అంతర్వేది వంటి తీరప్రాంతాలలో గాలిలోనే సముద్రపు తుంపరల ఉప్పు ఉంటుంది. ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లపై తిరిగే బండికి ఆ బురద అడుగుభాగానికి పట్టుకొంటుంది.

అల్యూమినియం తుప్పుపట్టదని ఒక నమ్మకం ఉన్నది. ఎర్రని తుప్పు రాదన్నమాటే నిజం. ఉక్కుతో ఆనుకొని ఉన్నచోట ఉప్పునీరు చేరితే ఆ రెండూ కలిసి చిన్న బ్యాటరీవలె పనిచేసి, అల్యూమినియం ముందుగా కరిగిపోతుంది. రంగు కింద బొబ్బలు, తెల్లని పొడి దాని గుర్తులు. రాజమండ్రి వద్ద 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన మీద 1997 వరకు రైళ్ళు నడిచినవి. ఇనుము ఈ గాలిలో బతకలేదని కాదు. దానికి ఎప్పటికప్పుడు పరీక్ష, రంగుపూత కావాలి. బండి అడుగున, ఫ్రేము గొట్టాల లోపల పేరుకొన్న బురదను మాత్రం ఎవరూ చూడరు.

వరదనీరు

1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరికి వచ్చిన వరదలు లంక గ్రామాలను ముంచెత్తినవి. కాజ్‌వేల మీద నీరు నిలిచినప్పుడు ఎత్తైన బండి దాటగలదనే ధైర్యం సహజం. ఇక్కడ రెండు ప్రమాదాలున్నవి.

మొదటిది ఇంజనులో. సిలిండరు అర లీటరుదై, గాలిని పదహారింట ఒక వంతుకు నొక్కే డీజిలు ఇంజను అయితే, పిస్టను పైకి చేరినప్పుడు దానిపై మిగిలే ఖాళీ సుమారు 33 ఘన సెంటీమీటర్లు మాత్రమే. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. రెండు పెద్ద చెంచాలకు కాస్త ఎక్కువ నీరు లోనికి పోయినా పిస్టనును తోసే కడ్డీ వంగిపోవచ్చు. కొద్దిగా వంగిన కడ్డీతో ఇంజను కొన్ని నెలలు నడిచి, కొత్త యజమాని చేతిలో విరగవచ్చు.

రెండవది ఇరుసులో. దూరం నడిచి వచ్చిన బండి ఇరుసు గూడు 80 డిగ్రీల వేడితో ఉండి, 30 డిగ్రీల నీటిలో దిగిందనుకొందాం. లోపలి గాలి చల్లబడి, దాని ఒత్తిడి సుమారు ఏడవవంతు తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి గాలి పీల్చే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. అది బురదతో మూసుకొనిపోతే, రబ్బరు సీళ్ళ సందుల గుండా నీరే లోనికి లాగబడుతుంది. నూనెతో కలిసిన నీరు మజ్జిగరంగుకు తిరిగి, పండ్ల చక్రాలను మెల్లగా తినివేస్తుంది. మీటరులో ఒక్క కిలోమీటరూ పెరగకుండానే బండి ముసలిదవుతుంది.

నిలిచి ఉన్నా వచ్చే వార్ధక్యం

రబ్బరుకు నడకతో నిమిత్తం లేదు. ప్రాణవాయువు, ఓజోను, వేడి కలిసి దానిని పెళుసుగా చేస్తాయి. రసాయన చర్యలు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు రెట్టింపు వేగంతో సాగుతాయన్నది స్థూలసూత్రం. 40 డిగ్రీలు దాటే రాజమండ్రి ఎండలో నిలిచే బండి గాలి సంచులు, గొట్టాలు, టైర్లు త్వరగా పాతబడడానికి కారణం ఇదే.

టైర్ల విషయంలో ఈ బండ్లకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. ముందు రెండు కొత్త టైర్లు, వెనుక రెండు అరిగినవి వేసి, వాటి వ్యాసార్ధాలలో ఐదు మిల్లీమీటర్ల తేడా ఉంటే, వెనుక చక్రాలు కిలోమీటరుకు సుమారు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. ఎల్లప్పుడూ నాలుగు చక్రాలకూ బలం అందే బండిలో ఈ తేడాను మధ్యనున్న పండ్ల చక్రాలు నిరంతరం మోస్తూ అరిగిపోతాయి. కావలసినప్పుడే నాలుగు చక్రాలను కలిపే బండిలో చిక్కు వేరు. గట్టి తారురోడ్డు మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం నడవాలి. జారడానికి వీలులేక ఇరుసులు మెలిపడతాయి. అట్లని ఏళ్ళ తరబడి ఆ మీటను కదపకపోతే అది బిగుసుకొనిపోతుంది. నెలకొకసారి మెత్తని మట్టిదారిలో కొద్దిదూరం కలిపి నడపడం మంచిది.

కొనేముందు

తివాచీ ఎత్తి కింద బురద, తీగల మొనలవద్ద పచ్చని చిలుము ఉన్నదేమో చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే వరదనీటి మరక అక్కడ కనిపించవచ్చు. ఇరుసుల నూనెను, ట్రాన్స్‌ఫర్ పెట్టె నూనెను చుక్క తీయించి రంగు చూడాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది; 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాలి సంచుల బండిని రాత్రంతా నిలిపి, తెల్లవారి నాలుగు మూలల ఎత్తును కొలిస్తే కారుతున్నది ఏదో తెలుస్తుంది. ఇంజనును చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టించి వినాలి. అన్నిటికంటె ముఖ్యం మరమ్మతుల కాగితాలు. మరమ్మతే జరగలేదని చెప్పే బండికంటె, ఏ ఏడాది ఏ భాగం మార్చారో చూపగల బండి మేలు. కొన్న ధరతో ఖర్చు తీరదు. మొదటి సంవత్సరంలో మార్చవలసిన రబ్బరు, నూనెలు, టైర్లకు వేరుగా సొమ్ము ఉంచుకొనాలి.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంతకారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. తనిఖీ అన్నది ఆ నాటికి మొదలుకావలసిన పని కాదు. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం వద్ద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట స్థానంలో నేడు బ్యారేజీ ఉన్నది. దాని కాలువలు మాత్రం ఆనాటినుండి పారుతూనే ఉన్నవి. వేసవిలో కొన్ని వారాలు నీరు కట్టివేసి, పూడిక తీసి, లాకులు బాగుచేసి మళ్ళీ వదులుతారు. పారుతున్నది కదా అని ఏ ఏడూ ఊరుకొంటే శివారు పొలానికి నీరందదు. బండికీ ఏటా అటువంటి కట్టుబడి కొన్ని రోజులు కావాలి. వానలకు ముందే, వేసవి చివర ఆ పని చేయించే యజమానికి పాతబండికూడా అవసరమైన రాత్రి అక్కరకు వస్తుంది.